అరువు తాతలు వద్దన్న సీతాదేవి

సీతాదేవి గారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. మస్కట్‌లో ఖురం అనే పేటలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో ఏళ్ళ తరబడి రిసెప్షన్‌లో కూర్చుంటున్న మనిషి. అపాయింట్‌మెంటు లేకుండా వచ్చి బల్ల గుద్దే పెద్దమనుషుల్ని ఆ తగ్గిన గొంతుతోనే కుర్చీలో కూర్చోబెట్టేస్తుంది. మాది వాళ్ళ పక్క ఫ్లాటే. అటువైపు ఆవిడ గొంతు తగ్గిందని అనుమానం వస్తే నేను మా ఇంట్లో టీవీ కట్టేస్తాను.

కిందటేడు అది తగ్గింది వాళ్ళ అబ్బాయి పెళ్ళి దగ్గర. కౌండిన్య మస్కట్‌లోనే పుట్టి పెరిగాడు. చేసుకుంటానన్న పిల్ల ఓర్లా, ఇక్కడే ఒక స్కూల్లో సైన్సు చెప్పే ఐర్లండు అమ్మాయి. తండ్రి రెండేళ్ళ కిందట పోయాడు. తల్లి పెళ్ళికి వస్తానంది. సీతాదేవి గారికి పిల్ల నచ్చింది. భర్త సత్యనారాయణమూర్తి గారు, ఆవిడకి నచ్చితే తనకీ నచ్చినట్టే అన్నారు. అంతా సవ్యంగా ఉన్నప్పుడే కదా చుట్టాలు దిగేది. తణుకు నుంచి ఆయన అక్కయ్య భాస్కరమ్మ గారు విజిట్ వీసా మీద దిగారు.

ఆవిడ చెడ్డమనిషని నేననను. పుట్టిల్లు రైసుమిల్లు ఇల్లు. ‘మా వంశం’ అనకుండా మంచినీళ్ళు కూడా తాగరు, అంతే. వచ్చిన మర్నాడే సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుని పెళ్ళి తేల్చేశారు.

“పిల్ల మంచిదే, కాదన్ను. కానీ పీటల మీద పంతులుగారు ఫలానావారి మునిమనవరాలు, ఫలానావారి మనవరాలు, ఫలానావారి కూతురు అని చదవాలా వద్దా? ఈ పిల్లకి ఏం చదువుతాడంట? ఈ దేశంలోనే బురైమి ఊళ్ళో మన తణుకు కుమార్ దంపతులున్నారు. వాళ్ళు దత్తత తీసుకుని, వాళ్ళ గోత్రంతో, వాళ్ళ తాతల పేర్లతో కన్యాదానం చేసేస్తారు. నేను మాట్లాడేశాను కూడాను.”

మూర్తి గారు ఫోన్‌లో తల దూర్చేశారు. కౌండిన్య ఆ మాటని ఓర్లాకి ఇంగ్లీషులో చెప్పాడు. ఆ పిల్ల మెల్లగా, “మా నాన్న ఒకసారి పోయారు. మళ్ళీ పంపించాలా?” అని అడిగింది.

అప్పుడు తగ్గింది సీతాదేవి గారి గొంతు. “వదినగారూ, పిల్లకి నాన్న ఉన్నాడు. ఆయన పేరే చదువుతారు.”

“ఆయనొక్కడే! మాకు అటు ఏడు తరాలు తెలుసు సీతా. వాళ్ళకి వంశాలేంటి, వరసలేంటి! ఏడు తరాలు చెప్పించు, నా చేత్తో నేనే తలంబ్రాలు కలుపుతాను. చెప్పలేకపోయిందా, బురైమి వాళ్ళే పీటల మీద కూర్చుంటారు.”

“చెప్పిస్తాను.”

అరువు నగలు పెట్టుకుని పెళ్ళికి వెళ్ళేవాళ్ళని చూశాను గానీ, అరువు తాతల్ని పెట్టుకోమనడం ఎక్కడైనా ఉందా? గోడకి ఇవతల నాకు ఒళ్ళు మండిపోయింది. అటువైపు సీతాదేవి గారు మాత్రం కంప్యూటరు తెరిచింది. “మా క్లినిక్‌కి వచ్చే ఒమానీ బుడతడు కూడా నాన్న పేరు, తాత పేరు, తెగ పేరు చెప్పాకే నోరు తెరిచి పన్ను చూపిస్తాడు. మన పిల్లకి మాత్రం ఎందుకుండరు?” అంది నాతో, మెట్ల దగ్గర కనబడినప్పుడు.

శుక్రవారాలు అత్తాకోడళ్ళిద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చునేవారు. తనతో మొదలుపెట్టి ముత్తాత దాకా నాలుగు తరాలు ఓర్లాకే తెలుసు. ముత్తాత తండ్రి, అయిదోవాడు, ప్రభుత్వ రికార్డులో దొరికాడు. అతని తండ్రి పేరు పాట్రిక్ అనీ, క్లేర్ అనే జిల్లాలో కౌలురైతనీ అందులోనే ఉంది. ఆరోవాడు. ఇంకొక్కడు దొరికితే చాలు. సరిగ్గా అక్కడే గోడ అడ్డొచ్చింది.

ఐర్లండులో అందరి పుట్టుకలూ చావులూ ప్రభుత్వం రాయడం మొదలుపెట్టింది 1864లోనట. అంతకుముందు జనాభా లెక్కల కాగితాలుండేవి గానీ చాలా మటుకు అగ్నికి ఆహుతైపోయాయి. పంట పండించి శిస్తు కట్టినవాడికి ఆనవాలు లేదు. మిగిలినవి చర్చిల్లో పాదిరీలు బాప్తిస్మం ఇచ్చినప్పుడు రాసుకున్న పుస్తకాలు. వాటి ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, సిరా అలికేసి, అంచులు చిరిగి. కళ్ళు పోగొట్టుకుని వెతగ్గా పాట్రిక్ దొరికాడు. ఒకడు కాదు, ఇద్దరు. ఒకే చర్చి, ఒకే ఇంటిపేరు, ఇద్దరి తండ్రీ మైకేలే. ఒక పాట్రిక్ తల్లి మార్గరెట్, రెండో పాట్రిక్ తల్లి హొనోరా. మనవాడెవడు?

“ఎవరో ఒకర్ని పెట్టేద్దురూ, ఎవరు చూడొచ్చారు?” అన్నారు మూర్తి గారు, శాంతి కోసం.

“ఎవరో ఒకరైతే బురైమి వాళ్ళే సరిపోయేవారు కదండీ,” అంది సీతాదేవి గారు. ఆయన మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోయారు.

ఆ శుక్రవారం నేనూ అక్కడే ఉన్నాను, కాఫీ పేరుతో. ఉన్నట్టుండి ఆవిడ, “పాట్రిక్‌కి ఆడపిల్లలున్నారా? వాళ్ళ పేర్లు చదువు,” అంది. ఓర్లా చదివింది: బ్రిజిట్, హొనోరా, మేరీ, మళ్ళీ హొనోరా. మొదటి హొనోరా పాలు తాగే వయసులోనే పోయింది. ఆ పేరు పోకూడదని తర్వాత పుట్టినదానికి మళ్ళీ అదే పెట్టారు. మార్గరెట్ అన్న పిల్ల ఒక్కతీ లేదు.

“నాన్నమ్మ పేరు!” అంటూ సీతాదేవి గారు బల్ల మీద చరిచింది. “మా పుట్టింట్లో నలుగురు మనవరాళ్ళం, నలుగురమూ సీతలమే. అత్తగారి పేరు పెట్టి నన్ను తిట్టలేక మా అమ్మ బుజ్జమ్మా అనేది.” తమ వైపూ అదే ఆచారం అంది ఓర్లా, కళ్ళు తుడుచుకుంటూ. ఏడో తరం దొరికింది. మైకేలు, అతని భార్య హొనోరా నీలన్.

సంబరపడి లేచిపోవాల్సిందే కదా. ఆవిడ లేవలేదు. “ఈ నీలన్ ఏంటి?” అని అడిగింది.

“ఆవిడ పుట్టింటి పేరు,” అంది ఓర్లా. “మా చర్చి పుస్తకాల్లో తల్లిని అలాగే రాస్తారు.”

“పెళ్ళయ్యి పిల్లల్ని కన్నాక కూడానా?” అని ఆవిడ ఆ అలుక్కుపోయిన అక్షరాల వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఏదో అంది. ఎంత మెల్లగా అందంటే, ఎదురుగా ఉన్న నాకే వినబడలేదు. ఇక ఎవరికో మూడిందని నాకు అర్థమైంది.

పెళ్ళి ఖురంలోనే ఒక చిన్న హాల్లో. పురోహితుడు యజ్ఞనారాయణ గారు. వారమంతా రుస్తాఖ్ అనే ఊళ్ళో కంపెనీ స్టోర్‌కీపర్, శుక్రవారం పంతులుగారు. గోత్రం బదులు ఊరి పేరు చదువుతానని ముందే ఒప్పుకున్నారు. భాస్కరమ్మ గారు మాట మీద నిలబడి, మొహం ముడుచుకునే తలంబ్రాలు కలిపారు. ఓర్లా ముత్తాత, తాత, నాన్న పేర్లు మైకులో గణగణా మోగాయి. ఆ పిల్ల తల్లి పీట మీద నిటారుగా కూర్చుని వింది.

“ఇప్పుడు ఆడవాళ్ళ పేర్లు చదవండి,” అంది సీతాదేవి గారు.

“అలా చదవడం లేదమ్మా.”

“చదవకూడదని ఉందా?”

పంతులుగారు ఆలోచించారు. “కూడదనీ లేదు,” అన్నారు.

ఓర్లా తల్లి నుంచి హొనోరా నీలన్ దాకా ఒక్కొక్క ఇల్లాలి పేరూ, పుట్టింటి పేరుతో సహా చదివించింది. నాకు ఈల వెయ్యాలనిపించింది. ఇక పెళ్ళికొడుకు వైపు. తల్లి సీతాదేవి. నాయనమ్మ వెంకటరత్నం. ఆపైన పంతులుగారు ఆగారు. మూర్తి గారు అక్కయ్య వైపు తిరిగి, “నాన్నమ్మ పేరేంటక్కా?” అన్నారు.

“అది వదిలేసి ముందుకి కానివ్వండి,” అన్నారు భాస్కరమ్మ గారు.

“వదలం వదినగారూ. ఏడు అడగలేదు, మూడోదే. తెలీకపోతే తెలీదని చెప్పండి.”

హాలంతా చూస్తోంది. భాస్కరమ్మ గారు చేతిలోని తలంబ్రాల పళ్ళెం కింద పెట్టారు. “తాతగారు ఏమేవ్ అని పిలిచేవారు,” అన్నారు. “నాన్న అమ్మా అనేవాడు. నేను నాన్నమ్మా అన్నాను. నన్ను ఒళ్ళో పెట్టుకుని పెంచిందిరా. పేరు ఎవరూ అనలేదు, నేను అడగలేదు.” ఆవిడ ఏడుపు చూసి నా ఒళ్ళుమంట అక్కడికక్కడే చల్లారిపోయింది. పంతులుగారు మైకు పక్కకి జరపబోతే ఆవిడే చెయ్యి అడ్డం పెట్టారు. “చదవండి. పేరు తెలియని ఆవిడ అనే చదవండి, అందరికీ వినబడేలా.”

పంతులుగారు చదివారు. హొనోరా నీలన్ మునిమనవడి మునిమనవరాలి మెడలో, పేరు తెలియని ఆవిడ మునిమనవడు మూడు ముళ్ళూ వేశాడు.