పదకొండు అడుగుల వీడియో

ఆవిడ నడక నేర్పే ఫిజియోథెరపిస్టు. రోజూ పొద్దున్నే తెల్లకోటు తొడుక్కుని పాత లాప్‌టాప్ ముందు కూలబడుతుంది. దాన్లో పట్టేదే కాస్త. కొత్త పేషెంటు నడకను వీడియో తీసుకోవాలంటే పాతవాళ్లది ఏదో ఒకటి చెరపక తప్పదు. చెరిపే ముందు వాళ్లకు ఫోన్ చేసి చెప్పడం ఆవిడ అలవాటు. "ఇంత ఓపిక ఎక్కడిదండీ మీకు?" అంటుంది నర్సు. ఓపికేం లేదు, కళ్ల కింద నలుపు తప్ప.

ఆ రోజు రిటైరైన డ్రైవరుగారి వంతు వచ్చింది. ఫోన్ ఆయన భార్య ఎత్తింది.

"ఆయన పోయి నెలయిందమ్మా. ఏం వీడియో?"

"ఆయన నడిచిన వీడియో అండీ. పట్టుకుని నడిచే కమ్మీ వదిలేసి పదకొండు అడుగులు వేశారు."

"నడిచారా? చక్రాల కుర్చీలో పంపితే కుర్చీలోనే తిరిగొచ్చేవారు. బాగా నడక వచ్చాక చెబుదామనుకున్నారేమో. నాకోసారి పంపిస్తావా తల్లీ?"

పంపింది. పంపాక కూడా దాన్ని చెరపడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. బయట కొత్త పేషెంటు గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తన పైచదువు కోసం రెండేళ్లుగా లాప్‌టాప్‌లో దాచుకుని, ఒక్కటీ తెరవని వీడియో పాఠాలన్నీ చెరిపేసింది.

"రండి బాబాయిగారూ, మెల్లిగా," అంది లేస్తూ.