హయ్యర్ పాసైన ఏడాది

మొన్న పొద్దున ఫోన్ కంపెనీ నుంచి ఒక పిల్లవాడు ఫోన్ చేసి, మేడమ్, మీరు వాడుతున్న ప్లాను మరీ చిన్నది, హయ్యర్ ప్లానుకు మారితే రోజంతా ఎవరితోనైనా ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చని ఎంతో ఓపికగా చెప్పుకొచ్చాడు. ఎవరితో మాట్లాడమంటావు నాయనా అని అడగబోయి, పాపం వాడిని ఇరుకున పెట్టడమెందుకని, ఆలోచించి చెబుతానని పెట్టేశాను. పెట్టేశాక చాయ్ పెట్టుకోవడం కూడా మరిచిపోయి అట్లాగే కూర్చుండిపోయాను. హయ్యర్ అనే మాట నా చెవిన పడి ఎన్నేళ్ళయిందో.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, మన కాలంలో ఆ ఇంగ్లీషు మాట తెలుగు మాటల కంటే ఎక్కువ నలిగింది. మా మెదక్‌లో బడి హయ్యర్ సెకండరీ, పంతులుగారి ట్రైనింగు హయ్యర్ గ్రేడు, సినిమా హాల్లో కుర్చీలున్న వైపు హయ్యర్ క్లాసు. మా బాపుది బజారులో కిరాణా దుకాణం, అక్కడి గుమాస్తా సన్నబియ్యాన్ని కూడా హయ్యర్ బియ్యమనే అమ్మేవాడు, కొనేవాళ్ళు కూడా అట్లాగే అడిగేవాళ్ళు. అయితే వీటన్నిటికీ పైన ఒక హయ్యర్ ఉండేది, అది టైపురైటింగు పరీక్షలో హయ్యర్. లోయర్ పాసైతే మనిషి ఏదో నేర్చుకుందన్నట్టు, హయ్యర్ పాసైతే ఇక ఆఫీసులో కుర్చీ వేసినట్టే.

మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దున, సాయంత్రం మగపిల్లలే నిండిపోయి ఉండేవాళ్ళు, అందుకని ఆడపిల్లలకు సారు మధ్యాహ్నం భోజనాల వేళ ఒక గంట విడిగా ఇచ్చాడు. ఆ గంటంతా సారు భార్య చేటలో బియ్యం పోసుకుని గడప దగ్గర కూర్చుని రాళ్ళు ఏరేది, అది మాకు కాపలా. టైపుకు వచ్చే ఆడపిల్లలంటే ఊళ్ళో అంతా కలిపి ఇద్దరమే, నేనూ, మా వెనుక గల్లీలోని దర్జీ చాచా కూతురూ. నాకంటే రెండేళ్ళు పెద్దది, ఆపా అని పిలిచేదాన్ని. అక్కచెల్లెళ్ళు లేని నాకు, బడి స్నేహితురాళ్ళందరూ పెళ్ళిళ్ళై తలొక దిక్కూ పోయాక, మాట్లాడడానికి మిగిలిన మనిషి ఆమె ఒక్కతే. మంచి మెషినూ ఒక్కటే, కాబట్టి ఒకరు కొడుతుంటే ఇంకొకరు పక్కన కూర్చుని పుస్తకంలోది చదివి వినిపించాలి. ఏ ఎస్ డీ ఎఫ్ జీ ఎఫ్‌తో మొదలుపెట్టి ఎవరెవరి వ్యాపార ఉత్తరాలో, ఎక్కడెక్కడి నూలు ధరలో ఆమె మెల్లని గొంతుతో చదువుతుంటే నేను కొట్టేదాన్ని. అర్థం సగమే తెలిసేది. ఇప్పటికీ ఇంగ్లీషు చదివితే నాకు లోపల ఆమె గొంతే వినబడుతుంది.

లోయర్ ఇద్దరమూ ఒకేసారి పాసయ్యాం. ఆ రోజుల్లో పరీక్షకు ఎవరి మెషిన్ వాళ్ళే మోసుకుపోవాలి, ఎందుకంటే చెయ్యి అలవాటు పడిన మెషిన్ వేరు, కొత్త మెషిన్ వేరు. మా మెషిన్‌ను బొంతలో చుట్టి, సంగారెడ్డి బస్సులో మా ఇద్దరి ఒళ్ళమీదా అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాం. బాపు వెనుక సీట్లో. కండక్టర్ వంగి చూసి, "ఏంది బిడ్డా గది, పసిపిల్లనా?" అంటే ఆపా ముఖం తిప్పుకోకుండా, "అవ్ అన్నా, టికెట్ కొట్టకుండ్రి, నిదుర లేస్తది" అన్నది. కుల్చారం దాటేదాకా నవ్వుతూనే ఉన్నాం, బాపు వెనుక నుంచి దగ్గుతూనే ఉన్నాడు.

హయ్యర్ ఎందుకు కట్టామో ఇప్పుడు చెప్పాలి. హయ్యర్ పాసైతే సంగారెడ్డి ఆఫీసుల్లో ఆడవాళ్ళను కూడా తీసుకుంటున్నారని సారు చెప్పాడు. ఆపాకు ఆ ఉద్యోగం చాలా అవసరం, చాచాకు చూపు మందగిస్తున్నది, దర్జీ పని చూపు లేకుండా సాగదు. మా ఇంట్లో అట్లాంటి ఇబ్బంది లేదు గానీ బాపు ఒక షరతు పెట్టాడు. "ఇద్దరు పోతే పోండ్రి, కిరాయికి ఒక అర్ర సూసి పెడ్త. ఒక్కతి పోవుడైతే లేదు." ఆపా వాళ్ళమ్మదీ అదే మాట, ఆమెను ఖాలా అనేదాన్ని. అంటే ఇద్దరమూ పాసవ్వాలి, లేకపోతే ఎవరూ కదలరు. బియ్యం ఏరే ఆమెకు వినబడకుండా మేము ఆ అర్ర గురించే మాట్లాడుకునేవాళ్ళం, కిటికీ ఎటు ఉండాలి, వంట ఎవరిది, గిన్నెలు ఎవరివి అని. వంట తనదే అన్నది, నా చేతి పప్పు తిని ఉద్యోగం చేసే ఓపిక తనకు లేదట.

ఒకే మెషిన్ కాబట్టి పరీక్షకు ఆమె మొదటి బ్యాచిలో, నేను రెండో బ్యాచిలో కూర్చున్నాం. ఆమె కొట్టి బయటికి వచ్చి వరండాలో నిలబడింది. నేను మొదలుపెట్టి ఒక పేజీ కూడా నిండకముందే కాగితం ఉండే క్యారేజీని పక్కకు లాగే పట్టీ తెగిపోయింది. వేళ్ళు ఆగలేదు, అక్షరాలన్నీ ఒకేచోట ఒకదాని మీద ఒకటి పడి కాగితం చిల్లు పడ్డది. పరీక్ష దగ్గర కాపలా ఉన్న సారు జాలిపడ్డాడే గానీ గంట ఎవరి కోసం ఆగుతుంది. మెషిన్ చప్పుడు ఆగిపోవడం వినగానే ఆపాకు సంగతి తెలిసిపోయింది. నేను బయటికి వచ్చేసరికి నాకంటే ముందే ఏడుస్తున్నది.

పేపర్లో ఆమె నంబరు వచ్చింది, నాది లేదు. ఆపా ఒక్క మాటలో తేల్చేసింది, "నువ్వు లేంది నేను పోను చెల్లె, మల్లొక్కసారి ఇద్దరం కలిసే కూసుందం." అబద్ధమాడను, ఆ మాట విని నాకు కడుపు నిండినట్టయింది. తప్పింది నేనైనా పండుగ చేసుకున్నట్టు ఇంట్లో తిరిగాను.

తరువాత ఒకరోజు వాళ్ళింటికి పోతే చాచా కుట్టు మెషిన్ ముందు కూర్చుని, సూదిని కళ్ళకు ఆనించుకుని దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. నన్ను చూసి, "బేటీ, జర దారం ఎక్కియ్యి" అన్నాడు. ఎక్కించి ఇచ్చాను. పక్కనే ఎవరిదో కమీజు, చేతులు రెండూ తారుమారుగా కుట్టి ఉన్నాయి, ఖాలా కూర్చుని ఆ కుట్లు విప్పుతున్నది. నేను నిలబడిన చోటే ఆమెతో అన్నాను, ఖాలా, ఆపాను పంపించుండ్రి, నేను వచ్చే పరీక్షకు పాసై వెనుకనే వస్తాను అని. "ఒక్కతి ఎట్లుంటదే?" అన్నది. కొద్ది రోజులే కదా అన్నాను. బాపును కూడా నేనే బతిమాలి, ఆయనకు తెలిసిన ఒక పెద్దావిడ ఇంట్లో అర్ర ఇప్పించాను. బస్టాండులో ఆపా నాతో సరిగ్గా మాట్లాడలేదు, కోపం. బస్సు కదిలాక మాత్రం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, మలుపు తిరిగేదాకా లోపలికి తీసుకోలేదు.

ఆ తరువాతి నెలలు గడవడమే కష్టమైంది. చదివి వినిపించేవాళ్ళు లేక పుస్తకం పక్కన నిలబెట్టుకుని కొట్టేదాన్ని. సారు భార్యకు ఇప్పుడు కాపలా కాయడానికి నేనొక్కదాన్నే, అయినా ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతూ కూర్చునేది. ఒక్కోనాడు కొట్టడం ఆపేసి ఊరికే కూర్చుంటే, "ఏమైంది బిడ్డా, పానం బాగలేదా?" అనేది. పానం బాగానే ఉన్నదమ్మా, మనిషే లేదు అనాలనిపించేది, అనలేదు. ఆదివారాలు చర్చి గంట మోగితే ఊరంతా ఎటో పోయినట్టూ నేనే మిగిలినట్టూ ఉండేది.

ఈసారి పరీక్షకు పోయే బస్సులో మెషిన్ నా ఒక్కదాని ఒళ్ళోనే, మోకాళ్ళు తిమ్మిరెక్కేదాకా పట్టుకుని కూర్చున్నాను. పాసయ్యాను. బజారులో బాపు అందరికీ పేడాలు పంచాడు, గుమాస్తా నన్ను ఆనాటి నుంచి హయ్యర్ బిడ్డా అనే పిలిచాడు. అయితే ఆ సంతోషం ఇంకా తీరకముందే ఆపా నుంచి కబురు వచ్చింది. హైదరాబాదులో ఇంకా పెద్ద ఆఫీసులో హయ్యర్ పోస్టు ఇచ్చారట, అమ్మానాన్నలను కూడా తీసుకుని వెళ్ళిపోతున్నదట. చాచా కళ్ళకు అక్కడ పెద్ద దవాఖానా కూడా ఉన్నది. వద్దనడానికి నాకు నోరెట్లా వస్తుంది? ఆమె ఖాళీ చేసిన కుర్చీలోనే నాకు ఉద్యోగం వచ్చింది.

ఇక బాపు పంపడనుకున్నాను, లోపల ఎక్కడో పంపకపోతేనే బాగుండుననీ అనుకున్నాను. కానీ బాపు, "ఆ బిడ్డ ఒక్కతే ఉండి సూపిచ్చింది గద, నువ్వు గూడ పో. ఇగ భయమేంది" అన్నాడు. ఆమెను ఒంటరిగా పంపమని అడిగిందే నేను, అదే ఇప్పుడు నన్ను కూడా ఒంటరిగా పంపడానికి దారి అయింది. ఆ పెద్దావిడ ఇంట్లో అదే అర్ర ఇచ్చారు. కిటికీ తూర్పుకు ఉన్నది, మేమనుకున్నట్టే.

కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి, తరువాత ఎందుకో నడవలేదు. తగవేమీ లేదు, ఆమెకు ఆమె సంసారం, నాకు నా ఆఫీసు. నేనూ టైపిస్టు నుంచి సూపరింటెండెంటు దాకా పోయాను, పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా వాయిదా వేస్తూ వేస్తూ చివరికి అడిగేవాళ్ళే లేకుండా పోయారు. దానికి నేను బాధపడింది లేదు.

ఇప్పటి ఆడపిల్లలు ఎక్కడెక్కడి నగరాల్లోనో ఒక్కరే గది తీసుకుని ఉంటున్నారు, తోడెవరని అడిగే దిక్కే లేదు, అది చాలా మంచిదని ఎవరు అడిగినా గట్టిగానే చెబుతాను. ఇద్దరైతేనే పోండ్రి అనే మన పెద్దవాళ్ళ షరతు ఎంతమంది ఆడపిల్లల్ని ఇంట్లో కట్టిపడేసిందో నాకు తెలుసు. కానీ నా సంగతి వేరు, ఆ షరతే నాకు కావలసింది. ఉద్యోగం కోసం హయ్యర్ కట్టిందని ఊరంతా అనుకున్నది, ఆపా కూడా అట్లాగే అనుకున్నదేమో. నేను కట్టింది ఆమెతో ఒక ఇంట్లో ఉండాలని. ఆ మాట ఆమెకు చెప్పలేదు, చెప్పవలసిన మాటే అని అప్పుడు నాకు తట్టలేదు.