ఇంజెక్టర్ల కోసం షికారు

మార్కాపురంలో మా వీధికి కారు రావడమే విశేషమైన కాలం అది. మా కారు చేతులు మారి మారి మా దాకా వచ్చిన పెట్రోలు బండని, దాని ఒక డోరు రంగు మిగతా ఒంటికి కలవదని ఎవరూ పట్టించుకునేవారు కాదు. మా నాయన పట్టించుకోనిచ్చేవాడూ కాదు. సర్వీసంతా బస్సు నడిపి, ఊరందరినీ ఎక్కడెక్కడికో చేర్చి రిటైరైన మనిషి, ఎట్టకేలకు తనకంటూ ఒక స్టీరింగు కొనుక్కున్నాడు. కొన్నాక మాత్రం నడపలేదు. రేకుల పంచ కింద నిలిపి, పాత బొంత కప్పి, అప్పుడప్పుడు స్టార్టు చేసి కాసేపు చప్పుడు విని ఆపేసేవాడు. పెట్రోలు కూడా ట్యాంకు అడుగు తడిసేంతే పోయించేవాడు. తిరగని బండికి నిండా పోస్తే ఆవిరైపోతుందని ఆయన సిద్ధాంతం. ("నడపని కారు ఎందుకయ్యా నీకు?" అని అమ్మ అడిగితే, "ఇంట్లో ఉందంటే అదొక ధైర్యం" అనేవాడు.)

నాకు బీఈడీ అయ్యాక గిద్దలూరులో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ రోజు బొంత తొలగింది. "బస్సులో పోతే చీర నలిగిపోతాదమ్మా, నేను దించుతా" అన్నాడు నాయన. అమ్మ ప్రార్థన చేసి పంపింది. (ఆ ప్రార్థన నా కోసమో కారు కోసమో నాకు సరిగ్గా అర్థం కాలేదు.) బేస్తవారిపేట దాకా బాగానే నడిచింది. కంభం దాటాక కారుకు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. యాక్సిలరేటరు తొక్కితే ఒక్క ఉదుటున ముందుకు దూకి, అంతలోనే మనసు మార్చుకుని నీరసపడిపోయేది. ప్రతి కుదుపుకూ నా తల ఊగుతుంటే, ఎదురొచ్చేవాళ్ళకు నేను దేనికో వరసగా ఒప్పుకుంటున్నట్టు కనిపించి ఉంటాను. "రోడ్డు బాగలేదమ్మా" అన్నాడు నాయన, చూపు తిప్పకుండా. రోడ్డు కొత్తగా వేశారు.

చివరికి ఒక మిట్ట ఎక్కలేక ఆగిపోయింది. ఇంటర్వ్యూకి వేళ దగ్గర పడుతోంది, నాకు ఏడుపొస్తోంది. అంతలో వెనకనుంచి గిద్దలూరు బస్సు వచ్చి పక్కన ఆగింది. దాని డ్రైవరు నాయన కింద పని నేర్చుకున్నవాడే, నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని.

"ఏందన్నా, ఆగినావు?" అన్నాడు ఆయన కిటికీలోంచి.

"ఏం లేదు, ఇంజను చల్లారనిస్తా ఉండా."

"పాప యాడికో పోతాన్నట్టుందే."

నాయన కారు వంక చూశాడు, బస్సు వంక చూశాడు, ఆఖరికి నా మొహం చూశాడు. "ఎక్కించుకోరా. ఉద్యోగానికి పోవాల" అన్నాడు మెల్లగా. ఆ కాస్త మాట అనడానికి ఆయన ఎంత అభిమానం చంపుకున్నాడో బస్సులోవాళ్ళకు తెలియదు. వాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి తలా ఒక వైద్యం చెప్పారు. ప్లగ్గులు చూడమన్నారొకరు, అసలు పెట్రోలుందా అన్నారొకరు. ఒక అవ్వ దిష్టి తగిలింటాది, నిమ్మకాయ తొక్కించు నాయనా అంది. నాయన అందరికీ తలూపాడు.

బస్సు కదిలాక చిన్నాయన, "గేరు సరిగ్గా వెయ్యలేదని మీ నాయన నన్ను ఈ రోడ్డు మీదనే గిద్దలూరు దాకా తిట్టినాడమ్మా. ఈ పొద్దు ఆయన నోరెత్తకుండా నిలబడితే నాకే బాధగా ఉంది" అన్నాడు. (మీసాల కింద కాస్త సంతోషం కూడా ఉన్నట్టనిపించింది.) నేను ఆలస్యంగా చేరి, కారణం ఉన్నదున్నట్టు చెప్పాను. హెడ్‌మేడం నవ్వి, నవ్వి, ఉద్యోగం ఇచ్చింది. ఒకటో తారీఖున చేరి, హాస్టల్లోనే ఉండమంది.

కారు మాత్రం ట్రాక్టరు వెనక తాడుతో మార్కాపురం చేరింది. మర్నాడు నాయనతో నేనూ మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. అతను ఇంజను మీదనుంచి నాలుగు ఇంజెక్టర్లు ఊడదీసి, ఒక మిషనుకు తగిలించి, కింద గాజు గొట్టాలు పెట్టి ఆన్ చేశాడు. వాటిలోంచే పెట్రోలు ఇంజన్లోకి మంచులా సన్నగా పడాలట. రెండింటిలోంచి అట్లాగే పడింది, మూడోది సగం సగం.

"ఈ నాలుగోది చూడు పెద్దాయనా, మేక ఉచ్చ పోసినట్ల పోస్తా ఉంది" అన్నాడు మెకానిక్కు.

"మాట మర్యాదగా రానీ" అన్నాడు నాయన.

వాటిని కడిగి, రబ్బరు రింగులు, ఫిల్టరు కొత్తవి వేసి బిగించాక అతను తన తీర్పు చెప్పాడు. "నిలబెట్టి నిలబెట్టి జిడ్డు కట్టించినావు. ట్యాంకు ఎండబెట్టొద్దు. వారానికొకసారన్నా దూరం పోయిరా."

అట్లా మొదలైంది ఆదివారం ప్రయాణం. చర్చి అయ్యాక నాయన, అమ్మ యర్రగొండపాలెం వైపు బయలుదేరేవాళ్ళు. అడవి మొదలయ్యే దాకా పోయి, టీ తాగి తిరిగొచ్చేవాళ్ళు. "ఊరందరినీ తిప్పినావు గానీ, నన్ను తిప్పేదానికి మెకానిక్కు చెప్పాల్సొచ్చింది" అనేది అమ్మ ముందు సీట్లో కూర్చుంటూ. నేను సెలవుకు వచ్చిన ఒక ఆదివారం, పాపం పెద్దవాళ్ళకు తోడుంటే బాగుంటుందని వెంట వెళ్ళాను. ముందు సీట్లో ఎక్కి కూర్చుని, పోతూ వస్తూ స్కూలు కబుర్లే చెప్పాను. తర్వాతిసారి వచ్చినప్పుడు మళ్ళీ ముస్తాబై నిలబడితే, "నీకు పేపర్లు దిద్దే పనుంది గదమ్మా" అన్నాడు నాయన. అమ్మ కూడా, "ఔను, రాత్రి దాకా పెట్టుకోని కండ్లు మంటలు పుట్టించుకోవాకు, ఇప్పుడే దిద్దుకో" అని కారెక్కింది. నా ఉద్యోగం మీద వాళ్ళకెంత శ్రద్ధో అనుకుని, కూర్చుని పేపర్లన్నీ దిద్దేశాను. పెళ్ళయి నాకూ ఒక సంసారం ఏర్పడ్డాక, ఒకరోజు వంట చేస్తూ చేస్తూ, ఆ ఆదివారాలు వాళ్ళిద్దరికీ నా తోడు ఎందుకు అక్కర్లేకపోయిందో అర్థమై, స్టవ్ ముందు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.