గాడుల మీద అతికించిన పచ్చిక

నేను సినిమాలకు రంగులు దిద్దుతాను. జూబ్లీహిల్స్‌లో ఒక భవనం కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో కూర్చుని ఆకాశాన్ని నీలంగా, హీరోయిన్ బుగ్గని ఎర్రగా చేస్తుంటాను. తెర మీద అక్కర్లేనివి చెరిపేయడం కూడా మా గది పనే. తిండి పెడుతున్న పని కాబట్టి తిట్టుకోను. కానీ అందులోంచి బయటపడకపోతే పిచ్చెక్కుతుందనిపించినప్పుడల్లా నేనూ మా ఆవిడా హిమాలయాలకు వెళ్లేవాళ్లం. చెట్లు ఇక ఎదగలేని ఎత్తులో, రోడ్డు ఆగిపోయే ఊరికి రెండు రోజుల నడక దూరంలో, ఒక పచ్చిక మైదానం ఉండేది.

మొదటిసారి వెళ్లినప్పుడు, మా సామాను గుర్రం మీద తెచ్చిన పెద్దాయన పచ్చిక మొదలయ్యే చోట మమ్మల్ని ఆపాడు. ఒకరి వెనక ఒకరు నడవొద్దు, తలో దారిన నడవండి అన్నాడు. అడుగులన్నీ ఒకేచోట పడితే గడ్డి చచ్చిపోతుందట. ఆ చలిలో మళ్లీ మొలవాలంటే ఏళ్లు పడుతుందట.

"పెళ్లిలో ఏడడుగులు కలిసి నడవమన్నారు. ఈయనేమో విడివిడిగా నడవమంటున్నాడు," అని నవ్వింది మా ఆవిడ.

ఆమె వాగు పక్కన, నేను ఎగువన పూల మధ్య. వెళ్లిన ప్రతిసారీ అలాగే నడిచాం. వెనక్కి తిరిగి చూస్తే మేం వచ్చిన జాడే ఉండేది కాదు. జీవితంలో నేను బాగా చేసిన పనులు బహు కొద్ది, వాటిలో అదొకటి అనుకునేవాణ్ణి.

తర్వాత ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి ముందున్న చిన్న ఎత్తు ఎక్కడానికే మధ్యలో ఆగుతుంది. కొండ నడక మర్చిపొమ్మన్నారు డాక్టరు. ఆమె మర్చిపోలేదు.

పోయిన ఏడాది ఒక పాట నా చేతికి వచ్చింది. తెర మీద మొదటి షాట్ పడగానే వెనకాల జంట శిఖరాలు గుర్తుపట్టాను. వాటి ముందు మా మైదానం లేదు. ఎటు చూసినా చక్రాల గాడులు. గడ్డి పెళ్లలుగా లేచిపోయింది. వాన నీళ్లు ఆ గాడుల వెంటే పారి నేలను కోసేశాయి. మీ జీపులేనా అని అడిగితే కుర్ర దర్శకుడు నొచ్చుకున్నాడు. వాళ్లు వెళ్లేసరికే అలా ఉందట. ఎవరో పక్క కొండ మీదుగా దారి కనిపెట్టారట. సెలవొస్తే చాలు, లావు టైర్ల బళ్లేసుకుని జనం పైకి పోయి అక్కడ గిరికీలు కొడతారట. అలాంటి బళ్లు ఇక్కడ జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర రోజూ కనిపిస్తాయి. వాటికి బురదే కావాలంటే మా ఊళ్లో గుంటలకేం తక్కువ?

"అన్నా, ఆ గీతలు జర తీసెయ్. మొత్తం పచ్చగ కనవడాలె," అన్నాడు దర్శకుడు.

తీసేశాను. ఒక మూల మిగిలిన గడ్డిని తెచ్చి షాట్ తర్వాత షాట్‌లో గాడుల మీద అతికించాను. అసలుదీ దిద్దిందీ పోల్చుకోవడానికి మాకు ఒక మీట ఉంటుంది. నొక్కితే బురద, మళ్లీ నొక్కితే పచ్చిక. అద్భుతంగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.

పాట విడుదలైన రోజు మా ఆవిడ ఫోను పట్టుకుని, కుంటుకుంటూనే, వంటింట్లోంచి పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఏమండీ, మన మైదానమే. అలాగే ఉంది చూడండి. ఇప్పుడు పైదాకా జీపులు వెళ్తున్నాయటగా, పాట కింద అందరూ రాస్తున్నారు. నన్ను తీసుకెళ్తారా?"

ఇన్నేళ్లలో ఆమె నన్ను ఏదీ అంత ఆశగా అడగలేదు. రేపూ మాపూ అని దాటేశాను. తనే రైలు టికెట్లు వెతకడం మొదలుపెట్టింది. ఇక దాచి లాభం లేదని ఒక ఆదివారం స్టూడియోకి తీసుకెళ్లాను. నా కుర్చీలో కూర్చోబెట్టి, మీట నొక్కాను.

చాలాసేపు చూసింది. వాగెక్కడ అని అడిగింది. బురదలో కలిసిపోయిన చోటు చూపించాను. తను నడిచిన వైపు తెర మీద వేలితో వెతుక్కుంది. అక్కడా గాడులే. నేను జీపులో వెళ్లాలన్నా వీటి మీదుగానే వెళ్లాలి కదా అంది. అవునన్నాను. నాకు ఏడుపొచ్చింది. అక్కడ మళ్లీ గడ్డి మొలిచేనాటికి మేమిద్దరం ఉండం.

"పచ్చగా ఉన్నదే పెట్టండి," అంది.

మీట నొక్కాను.