ఇసుక గది లేదండీ

మా టీచరమ్మ ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. జీన్సు ప్యాంట్లు కుట్టే మా ఫ్యాక్టరీలో జేబులు అతికే లైనులో మొదటి మిషను ఆవిడది, రెండోది నాది. పదకొండేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం. ఆవిడ చెప్పిన పాఠం ఒక్కటే. ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ళు అడిగితే ఏం జవాబివ్వాలి అన్నది.

మా ప్యాంట్లు కొనే కంపెనీ సముద్రాల అవతల ఉంటుంది. ఏటేటా ధర తగ్గించమని మెడమీద కత్తి పెట్టేదీ వాళ్ళే, అంత తక్కువకు కుట్టే ఆడవాళ్ళు సుఖంగా ఉన్నారో లేదో కనుక్కురమ్మని ఆర్నెల్లకోసారి మనిషిని పంపేదీ వాళ్ళే. ఆ మనిషి వచ్చే ముందు వారం రోజులు, అన్నాల వేళ క్యాంటీనులో టీచరమ్మ మా చేత జవాబులు వల్లె వేయించేది.

"వారానికి ఎన్ని గంటలు పనిచేస్తావ్?"

"నలభై ఎనిమిదండీ."

"బాత్రూముకి వెళ్ళనిస్తారా?"

"ఎప్పుడంటే అప్పుడు వెళ్ళొచ్చండీ."

ఇక్కడికి వచ్చేసరికి అందరం పగలబడి నవ్వేవాళ్ళం. "నవ్వండి, నవ్వండి. వాళ్ళ ముందు ఇలాగే నవ్వారంటే సోమవారం నుంచి ఇంట్లో కూర్చుని తీరిగ్గా నవ్వుకోవచ్చు" అనేది. అడగ్గానే గడగడా అప్పజెప్పకూడదు, ఒక్క క్షణం పైకి చూసి, గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగి చెప్పాలి. ఆ కిటుకు ఆవిడ సొంతం. మేనేజరు మురిసిపోయి ఆవిడ మిషను కిటికీ దగ్గర వేయించాడు. ఆవిడేం చెడ్డమనిషి కాదు. ఆర్డరుంటేనే మాకు అన్నం అని నమ్మింది. మేమూ నమ్మాం.

ఆ ప్రశ్నల్లో ఒకటి: "ఇక్కడ ఇసుక గది ఉందా?"

"లేదండీ. రెండేళ్ళ కిందటే తీసేశారు."

ఇసుక గది గురించి చెప్పాలి. ప్యాంటు కొత్తదైనా తొడల దగ్గర, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయి ఉంటేనే అక్కడివాళ్ళకు ముచ్చటట. వెలిసిపోయిన బట్టలు మా ఒంటిమీద ఉంటే ఎవరూ ముచ్చటపడలేదు మరి. అలా వెలిసిపోవాలంటే గొట్టంలోంచి గాలి ఒత్తిడితో ఇసుకను ప్యాంటు మీదికి కొట్టాలి. ఆ పని పెరటివైపు కిటికీల్లేని రేకుల షెడ్డులో జరిగేది. ఇసుక వాడొద్దని కాగితం పంపింది ఆ కంపెనీయే. అదే వెలిసిన రంగు, ఇంకా తక్కువ ధరకు, ఇంకా ముందు తేదీకి కావాలని ఆర్డరు పంపిందీ ఆ కంపెనీయే. కాగితం ఆఫీసు గోడకెక్కింది, ఇసుక షెడ్డులో రాలుతూనే ఉంది.

ఆ షెడ్డులో గొట్టం పట్టుకునేవాడు టీచరమ్మ తమ్ముడు. తల్లీతండ్రీ పోయాక ఆవిడే పెంచి పెద్దచేసి, మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ఆ పనిలో పెట్టించింది. హుషారైన మనిషి. అన్నాల వేళ నెత్తి నుంచి కనుబొమ్మల దాకా తెల్లగా వచ్చేవాడు. "అక్కా, జుట్టంతా నెరిసిపోయింది, ఇప్పుడైనా నాకు పెళ్ళి చెయ్యవే" అనేవాడు. ఆవిడ కొంగుతో వాడి మొహం తుడిచేది.

పనిలో చేరిన నాలుగో ఏడు దగ్గు పట్టుకుంది. ఆరో నెలకల్లా మెట్లెక్కలేకపోయాడు. ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిందన్నారు డాక్టరు. కార్మికుల ఆసుపత్రిలో చేర్చుకోవాలంటే ఇసుక పనిలో ఉన్నాడని ఫ్యాక్టరీ నుంచి ఒక్క ఉత్తరం కావాలి. అదొక్కటే. దానికోసం ఆవిడ మేనేజరు గదికి వెళ్ళింది.

"ఇసుక గదేమిటి? మన రికార్డులో నీ తమ్ముడు ప్యాకింగు హెల్పరు. ఆ గది లేదని అందరికీ నేర్పింది నువ్వేగా టీచరమ్మా" అన్నాడట, నవ్వుతూనే.

తిరిగొచ్చి సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. నేను ఎక్కించి ఇచ్చాను. "నా నోటితో నేనే వాడి గొంతు నులిమానే" అంది.

తర్వాతి ఇన్‌స్పెక్షనుకు ఎప్పటిలాగే పాఠం చెప్పింది. చివరి రోజు మేనేజరు అటు వెళ్ళగానే గొంతు తగ్గించింది. "రేపు నేను నిజం చెప్పేస్తాను. మిమ్మల్ని అడిగితే మీరూ చెప్పండి. మిగతావన్నీ నేర్పినట్టే చెప్పండి తల్లీ, ఆ ఒక్క గది ఉందని చెప్పండి చాలు." అందరం సరేనన్నాం. నేనైతే చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను.

పొద్దున్నే మైకులో మేనేజరు గొంతు వినిపించింది. "ఈసారి ఆర్డరు పోతే సోమవారం గేటు తెరుచుకోదు. మనకన్నా తక్కువకి కుట్టే దేశాలు వరసలో నిలబడి ఉన్నాయి. మీ ఇష్టం." బెదిరింపు కూడా కాదది. నిజమే చెప్పాడు, అందుకే మాకు భయమేసింది.

ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఆవిడ మంచిమనిషే. మా మాటలు ఆవిడ భాషలోకి చెప్పడానికి ఇంకొకరు ఉన్నారు. టీచరమ్మ అంతా చెప్పి, చెయ్యి పట్టుకుని షెడ్డుకు తీసుకెళ్ళింది. గొట్టాలూ మిషనూ ముందురోజే లారీ ఎక్కాయి. గోడలకు సున్నం, లోపల అట్టపెట్టెలు. "మా ఇంటికొచ్చి నా తమ్ముణ్ణి చూడండమ్మా" అని బతిమాలింది. ఫ్యాక్టరీ గోడ దాటి వెళ్ళడం తన పనిలో లేదట. రూలు ప్రకారం హాజరు పట్టీలోంచి పదిమందిని ఏరి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది.

నేను ఏడోదాన్ని. ముందు ఆరుగురు ఏం చెప్పారో నాకు తెలియదు. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడి రెండేళ్ళయింది, ఇంట్లో పొయ్యి నా రెండు చేతుల మీదే వెలుగుతోంది. ఇవన్నీ సాకులని నాకూ తెలుసు. ఇసుక గది ఉందా అని అడిగింది. పైకి చూశాను. ఒక్క క్షణం ఆగాను. లేదండీ, రెండేళ్ళ కిందటే తీసేశారన్నాను.

పదిమందీ అదే చెప్పామని సాయంత్రం తెలిసింది. ఫ్యాక్టరీకి మంచి పేరొచ్చింది, ప్యాంట్లకు నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ ఉన్న అట్ట కట్టి పంపారు. టీచరమ్మను అబద్ధాలు పుట్టించిందని తీసేశారు.

నాలుగో నెలలో ఆ తమ్ముడు పోయాడు. పడుకుంటే ఊపిరాడదని గోడకానుకుని కూర్చునే పోయాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళానో గాని వెళ్ళాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "గది బయట కూర్చుని ఒక్కొక్కరినీ లెక్కపెడుతూనే ఉన్నానే. నువ్వు బయటికొచ్చేదాకా నాకు ఆశ ఉంది" అంది. ఆ తర్వాత ఊరు విడిచి ఎక్కడికో వెళ్ళిపోయింది.

లారీ ఎక్కిన గొట్టాలు ఆ ఇన్‌స్పెక్షను అయిన వారం తిరక్కుండానే వెనక్కొచ్చాయి, వాటితోపాటు కొత్త మనుషులూ వచ్చారు. మళ్ళీ ఇన్‌స్పెక్షను దగ్గరపడింది. పాఠం చెప్పమని మేనేజరు నన్ను పిలిచాడు. కాదనలేదు.

నిన్న క్యాంటీనులో కొత్తగా చేరిన అమ్మాయి లేచింది. వాళ్ళ ఆయన్ను షెడ్డులో వేశారు. "ఇక్కడ పనిచేసి ఎవరైనా జబ్బుపడి పోయారా అని అడిగితే ఏం చెప్పాలక్కా?" అంది.

ఆ ప్రశ్న టీచరమ్మ పాఠంలో లేదు. అందరూ తినడం ఆపి నా వైపు చూశారు. పాతవాళ్ళు కళ్ళు దించుకున్నారు.

"లేదండీ, ఎవరూ పోలేదండీ అని చెప్పు" అన్నాను. ఒక్కసారికి నోటికి రాదని అందరి చేతా మూడుసార్లు చెప్పించాను.