కొత్తపేటలో ఇద్దరు, బెజవాడ నుంచి నేను

శనివారం ఉదయం ఆరు గంటలకు విజయవాడ బస్టాండులో హైదరాబాదు బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు ముందే బుక్ చేసుకున్నాను. అందులో ఒకాయన నిద్రపోతున్నాడు. లేపితే, "ఏ సీటైతే ఏముందండీ" అంటూ జరిగాడు. సీటు దక్కింది గానీ ఆ మాట నాతో హైదరాబాదు దాకా వచ్చింది.

ఈ ప్రయాణానికి కారణం కూడా ఒక మాటే. మా సాఫ్ట్‌వేర్ బృందంలో ఎవరింట్లో వాళ్లు కూర్చుని పనిచేస్తాం. పని నడిపించే నేను విజయవాడలో, ప్రోగ్రాం రాసే మూర్తిగారు, దాన్ని పరీక్షించే స్వరూప హైదరాబాదులో, పై మేనేజరు బెంగళూరులో. ఒక ఆసుపత్రి బిల్లుల యాప్ సోమవారం అప్పగించాలి. ఒకే బిల్లు రెండుసార్లు పడుతోందని స్వరూప మెయిల్ పెడుతుంది. తన దగ్గర పడటం లేదని మూర్తిగారు జవాబిస్తారు. రెంటికీ కాపీ నాకు. రెండు వారాలుగా ఇదే వరస. శుక్రవారం కాల్‌లో అందరూ వింటుండగా పై మేనేజరు, "ఇటు మెయిళ్లు అటు పంపడం తప్ప నువ్వు చేసేదేంటి? సోమవారానికి తేలకపోతే నీ స్థానంలో ఇంకొకరు వస్తారు" అన్నాడు. ఇలాంటివి మరిచిపోయే అలవాటు నాకు లేదు. తెల్లారగానే బయల్దేరాను.

సూర్యాపేట దగ్గర టిఫిన్‌కు ఆపారు. ఇడ్లీ చల్లగా ఉంది. కాఫీ సగంలో ఉండగానే డ్రైవరు హారన్ కొట్టాడు. నిద్రాయన అక్కడ దిగిపోయాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉన్న ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఏం పని మీద వెళ్తున్నానో అడిగితే మొత్తం చెప్పాను.

"ఇద్దరు కొత్తపేటల్నే ఉంటరా?"

"అవును. కంప్యూటర్లు పంపింది నేనే, అడ్రసులు నా దగ్గరున్నాయి."

"మరి నడుమ బెజవాడ కెల్లి మీరెందుకు సార్?"

చౌటుప్పల్ దాకా ఫోన్లో ఆ రెండు అడ్రసులూ మార్చి మార్చి చూశాను. అప్పుడు ఆయన ఒక జామకాయ ఇచ్చాడు. తీసుకున్నాను.

పదకొండున్నరకు ఎల్బీనగర్‌లో దిగాను. కొత్తపేట వెళ్లేవాళ్లు ఆటోవాళ్ల మాట వినకుండా మెట్రో ఎక్కితే ఒక్క స్టేషనే. స్టేషన్లో నా ముందు నలుగురిని వదిలేసి నా సంచీ మాత్రం తెరిపించారు. రైతు బజారు ఎదుట టిఫిన్ సెంటర్లో కూర్చుని ఇద్దరికీ ఫోన్ చేశాను.

"వస్తున్నట్టు ముందే చెప్తే ఇంటికే రమ్మనేవాళ్లం కదండీ" అన్నారు మూర్తిగారు. చెప్పాక కూడా రమ్మనలేదు.

ఆయనే ముందొచ్చారు. కాసేపటికి కంప్యూటర్ సంచీతో స్వరూప వచ్చింది. కాల్స్ తెగిపోతున్నాయని కెమెరాలు ఆపేయమన్న నియమం నాదే. దాని వల్ల ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎరగరనుకున్నాను.

స్వరూప ఆయన్ను చూసి ఆగిపోయింది. "మూర్తి సారంటే మీరేనా? పొద్దుగాల గీ బజార్ల బెండకాయల మొనలు ఇరిచి ఇరిచి చూసేటోళ్లు మీరే కదా?"

"లేతవో ముదురువో చూసుకోవద్దాండీ" అన్నారాయన. "మీరు రోజూ కొసరు కోసం గొడవపడే ఆకుపచ్చ సంచీ ఆవిడ కదూ?"

"కాయల్ని గంత మంచిగ చూస్తరు, మీ ప్రోగ్రాం ఒక్కపారన్న ఇరిచి చూసిన్రా?"

ఆయన నవ్వారు. రెండు వారాల మెయిళ్లలో నేను ఎన్నడూ చూడని నవ్వు. ఆమె యాప్ తెరిచి డబ్బు చెల్లించే బొత్తాం నొక్కింది. తెర కదల్లేదు. వెంటనే మళ్లీ నొక్కింది. బిల్లు రెండుసార్లు పడింది.

"అంత గబగబా ఎందుకు నొక్కుతారండీ?"

"దవాఖానల లైన్ల నిలబడ్డోళ్లు మెల్లగ నొక్కుతరా సార్?"

మూర్తిగారు ఆమె కంప్యూటర్ తన వైపు తిప్పుకున్నారు. ఆయన ఇంట్లో నెట్ వేగం ఎక్కువ, రెండోసారి నొక్కే అవసరమే పడలేదట. రెండుసార్లు నొక్కుతున్నానని ఆమె రాయలేదు, ఎలా నొక్కుతున్నారని ఆయన అడగలేదు. అక్కడే కూర్చుని, ఒకసారి నొక్కాక బొత్తాం మళ్లీ పనిచేయకుండా మార్చారు. ఆమె ఎంత నొక్కినా ఒకే బిల్లు వచ్చింది. నేను టీ తెప్పించాను.

లేస్తూ మూర్తిగారు, "మా ఇల్లు ఈ సందు చివరేనండీ. మా ఆవిడ బెండకాయ వేపుడు బాగా చేస్తుంది, ఒకసారి రండి" అన్నారు, స్వరూపతో.

"ఒస్తా సార్. మొనలుంటయా?"

నన్నెవరూ అడగలేదు. అదే టిఫిన్ సెంటర్లో దోసె తిని ఎల్బీనగర్ వచ్చి నాలుగు గంటల బస్సు ఎక్కాను. ఈసారి కిటికీ సీటు ఖాళీగానే ఉంది.

మనుషులు తలోచోట ఉన్న బృందాన్ని నడిపేవాళ్లు ఒక్కసారైనా ఇలా వెళ్లి రావాలి. ఉదయం ఆరింటి బస్సు మంచిది. బస అవసరం పడదు. వాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే చాలు. భోజనం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

పని తేలిందని నేను పంపిన కబురుకు హయత్‌నగర్ దాటాక పై మేనేజరు జవాబు వచ్చింది: "హైదరాబాదు బృందానికి అభినందనలు." అది కూడా గుర్తుంచుకున్నాను. ఆ తర్వాత స్వరూప నుంచి మెయిల్ లేదు, మూర్తిగారి నుంచి కాపీ లేదు. సూర్యాపేటలో బస్సు ఆగినప్పుడు, సిగ్నల్ ఉందో లేదోనని ఫోన్ తీసి చూశాను. నిండుగా ఉంది.