గెద్దరాయి మీద అప్పలసూరి గొంతు

అప్పలసూరికి మెల్లిగా మాట్లాడటం రాదు. కొందరికి ఈత రాదు, కొందరికి సైకిలు రాదు, ఆయనకి గుసగుస రాదు. మల్కాపురంలో ఆయనుండే సందులో ఎవరికీ అలారం గడియారంతో పని లేదు. తెల్లారగట్ల ఆయన పెళ్ళాన్ని "ఓలే సిలకా! నీల్లు కాగేయా?" అని అడిగితే, సందులో సగం మంది ఉలిక్కిపడి లేచి పొయ్యి దగ్గరికి పరిగెత్తేవారు. రహస్యం చెబుతానని ఎవరినైనా పక్కకి పిలిచాడంటే ఆ రహస్యం సింధియా జంక్షన్లో బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి కూడా తెలిసిపోయేది.

ఇలాంటి గొంతుకి గోడ అవతల కాపురం పెట్టాడు కామరాజు. కుర్రాడిది అమలాపురం దగ్గర పల్లె. షిప్‌యార్డులో ఫిట్టరు ఉద్యోగం, కొత్తగా పెళ్ళి. పేరుకి మధ్యలో గోడ ఉంది గానీ అప్పలసూరి తుమ్మితే కామరాజు "చిరంజీవ" అనాల్సి వచ్చేది. ఒకరోజు రాత్రి అన్నం తింటూ తాయారు "కూరలో ఉప్పెక్కువైందాండీ?" అని మొగుణ్ణి మెల్లిగా అడిగింది. కామరాజు నోరు తెరిచేలోగా గోడ అవతల నుంచి జవాబొచ్చింది.

"ఎక్కువైనా తినీ బావా! కొత్త పెల్లాం!"

ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయి రెండు రోజులు కూరల్లో ఉప్పే వెయ్యలేదు.

అప్పలసూరి భార్య చిలకమ్మ మాత్రం తక్కువ తిందా? అన్నం వడ్డించాక మొగుణ్ణి పిలవడానికి కేరేజీ మూత తీసి గరిటెతో ధణధణా వాయించేది. ఆ చప్పుడుకి చూరు మీద కాకులు లేచిపోయేవి. పైగా మొగుణ్ణే తిట్టేది.

"మెల్లిగా మాటాడలేవేటి? నాకేటి సెవుడా?"

"కాదే!" అని ఆయన ఇంకాస్త గట్టిగా అరిచేవాడు. రోజూ ఇదే వరస.

పోర్టులో పని కదా, ఓడల గోలలో గొంతు అలా తయారైపోయిందని సందులో అందరూ సరిపెట్టుకున్నారు. ఒకసారి మాత్రం ఒక చిత్రం జరిగింది. డాకులో పనిచేసేవాడెవడో వచ్చి "మూగ అప్పలసూరి ఇల్లెక్కడండి?" అని అడిగాడు. కిరాణా కొట్టు ఎల్లారావు విరగబడి నవ్వి, "మూగోల్లెవరూ నేరు బాబూ ఇక్కడ. మా అప్పలసూరి వేరు" అని పంపించేశాడు. ఆ వచ్చినవాడు పాపం తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

కామరాజుకి మాత్రం ఓపిక నశించింది. స్టీలు ప్లాంటు వస్తోందని కూర్మన్నపాలెంలో కొత్త ఇళ్ళు లేస్తున్న రోజులవి. అక్కడ ఒక వాటా మాట్లాడేసుకున్నాడు. డ్యూటీకి దూరమైతే అయింది, చెవులకి శాంతి ఉంటుంది. ఇల్లు మారేలోగా తాయారు ఒక్క కోరిక కోరింది. గెద్దరాయి చూడాలిట.

గెద్దరాయి అంటే ఊళ్ళో చాలామందికి తెలియదు. చుట్టాలొస్తే అందరూ డాల్ఫిన్ నోస్ కొండ చూపించి పంపేస్తారు. ఇది యారాడ ఊరు దాటాక, జీడితోటల వెనక, సముద్రం మీదకి గెద్ద ముక్కులా వంగి ఉండే కొండకొమ్ము. అక్కడ నిలబడితే హార్బరు బయట లంగరేసుకున్న ఓడలన్నీ ఒకేసారి కనిపిస్తాయని యారాడలో చేపల వేట చేసుకునే సూరన్న చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు.

"ఆ ముక్కు కింద కొండ తేనెపట్లున్నాయి బాబూ. అక్కడ గొంతెత్తకూడదు, పొగెట్టకూడదు. నిరుడు మా మేకొకటి అక్కడ నిలబడి అరిసింది. మరింక అరవనేదు."

కామరాజు అప్పుడే తీర్మానించుకున్నాడు, ఈ సంగతి గోడ అవతలికి పొక్కకూడదని. మేక అరుపుకే అంత పని జరిగితే అప్పలసూరి అరుపుకి ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? ఆ రాత్రి తాయారు చెవిలో నోరు పెట్టి, ఊపిరి కూడా బిగబట్టి చెప్పాడు: "ఆదివారం పొద్దున్నే వెళ్దామే, గెద్దరాయికి."

"గెద్దరాయికా బావా! మేమూ వత్తన్నాం! ఓలే సిలకా, కేరేజీ కట్టు!"

ఆ ఆదివారం సింధియా నుంచి కొండ మీదుగా నడుస్తున్నంతసేపూ కామరాజు చెయ్యి జేబులోనే ఉంది. జేబులో పొట్లం నిండా నువ్వుల జీళ్ళు కొనుక్కొచ్చాడు. ఆ బెల్లప్పాకం పళ్ళకి అతుక్కుంటే ఎంత గొంతైనా కాసేపు మూతబడుతుందని కామరాజు లెక్క. అప్పలసూరి నోరు తెరిచినప్పుడల్లా ఒక జీడి చేతిలో పెట్టేవాడు.

"ఏటి బావా, ఈయేల ఇంత పేమ!" అని ఆయన అరిచేవాడు. కామరాజు ఇంకో జీడి తీసేవాడు.

యారాడలో సూరన్న దారి చూపిస్తూ తేనెటీగల సంగతి అందరికీ మళ్ళీ చెప్పాడు, ఎక్కడో అవి వింటున్నాయేమో అన్నంత నెమ్మదిగా. చిలకమ్మ ప్రతి మాటకీ నవ్వుతూ తలూపింది. అప్పలసూరి గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"నాను నోరిప్పను! ఒట్టు!"

ఆ ఒట్టుకి యారాడలో కుక్కలన్నీ మొరిగాయి. సూరన్న వెనక్కి తిరిగి, మామూలు కంటే కొంచెం వేగంగా ఇంటికి వెళ్ళిపోయాడు.

జీడితోట దాటేసరికి చిలకమ్మకి ఆయాసం వచ్చింది. ఆమెని కేరేజీతో చెట్ల నీడలో కూర్చోబెట్టి ముగ్గురూ ముందుకెళ్ళారు. రాయి మీదకి రాగానే తాయారు రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. కింద సముద్రం, దూరంగా ఓడలు. పెళ్ళికి వచ్చి భోజనాలకి పిలుపు కోసం చూసేవాళ్ళలా వరసగా కూర్చున్నాయి. ఇటు తిరిగితే ముక్కు కింద నల్లగా, చేటలంత తేనెపట్లు. వాటి మీద అప్పుడప్పుడు ఒక మెరుపు అల ఇటు నుంచి అటు పాకేది. తేనెటీగలు కదులుతున్నాయన్నమాట. కామరాజు జీళ్ళ పొట్లం విప్పాడు.

జరగరానిది అప్పుడే జరిగింది. కామరాజు కళ్ళన్నీ అప్పలసూరి నోటి మీదున్నాయి. తాయారేమో ఇంకా బాగా కనబడుతుందని పక్కనున్న బీటలోంచి కింది గట్టు మీదకి దిగింది. పాదం వెడల్పు గట్టు అది. చెప్పు జారింది. చెప్పు కిందికి, కిందికి పోయి సముద్రంలో పడింది. తాయారు రాతిని కరుచుకుని ఉండిపోయింది. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో తేనెపట్టు. దాని మీద ఒక అల పాకింది. వెంటనే ఇంకొకటి.

కామరాజు "తా..." అని అరవబోయాడు.

మోటు చెయ్యి ఒకటి వచ్చి అతని నోరు మూసేసింది. అప్పలసూరిది!

"ఊఁ" అన్నాడు అప్పలసూరి. అంతే. తర్వాత బండ మీద బోర్లా పడుకుని, తల కిందికి వంచి మాట్లాడాడు. కామరాజు ఆ మాట విన్నాడు గానీ ఎవరు మాట్లాడారో అర్థం కాలేదు. ఉయ్యాల్లో బిడ్డ నిద్ర చెడకుండా తల్లి పక్కవాళ్ళతో మాట్లాడుతుందే, అలాంటి గొంతు.

"సెల్లీ, బయపడకు. అన్నయ్యని, ఇక్కడే ఉన్నాను. సముద్రాన్ని సూడకమ్మా, అదెక్కడికీ పోదు. నా సెయ్యి సూడు."

తాయారు మెల్లిగా తలెత్తింది.

"అన్నయ్యగారూ, కాలు రావట్లేదండీ."

"వత్తాది. కుడి కాలు కొంచెం ఎనక్కి. ఇంకొంచెం. రాయి తగిలిందా? అదీ. దాని మీద బరువెయ్యి. ఇప్పుడాగు."

ఆయన అరచెయ్యి పైకి తిప్పితే తాయారు కదిలింది, పిడికిలి బిగిస్తే ఆగింది. కామరాజు దిగబోతే అప్పలసూరి కళ్ళతోనే వద్దన్నాడు. ఇంకో మనిషి దిగితే రాళ్ళు దొర్లుతాయి, దొర్లినవి తిన్నగా పట్టు మీదే పడతాయి. రెండు ఈగలు లేచి తాయారు జడ చుట్టూ తిరిగాయి. కామరాజు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేసి, తెలియనివాళ్ళకి కూడా మొక్కడం మొదలుపెట్టాడు.

తాయారు సగం దూరం వచ్చింది. ఎందుకో కామరాజు వెనక్కి తిరిగి చూశాడు.

చెట్ల కింద చిలకమ్మ లేచి నిలబడింది. అన్నాలు పెట్టేసినట్టుంది, జీడికొమ్మల్లోకి తలెత్తి పిట్టని చూస్తూ నవ్వుకుంటోంది. ఎడం చేతిలో కేరేజీ మూత, కుడి చేతిలో గరిటె.

కామరాజు మునివేళ్ళ మీద పరిగెత్తాడు. "అక్కయ్యగారూ!" అన్నాడు గొంతు నొక్కుకుని. ఆమె కదల్లేదు. ఇంకా దగ్గరికెళ్ళి "అక్కయ్యగారూ, వద్దండీ!" అన్నాడు. నాలుగడుగుల దూరంలో ఉన్నాడు, అయినా ఆమె ఇటు తిరగలేదు. గరిటె పైకి లేచింది. ఆ క్షణంలో కామరాజుకి విషయం తెలిసిపోయింది. ఈమెకి వినపడదు! అరిస్తే తప్ప వినపడదు. అరిస్తే అక్కడ తాయారు బతకదు.

చిలకమ్మ భోజనానికి పిలవడానికి మొగుడి వైపు తిరిగింది. బండ మీద అప్పలసూరి మోకాళ్ళ మీద లేచి, పిడికిలి బిగించి చెయ్యెత్తాడు. గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆయన అరచెయ్యి బోర్లించి నెమ్మదిగా కిందికి దించాడు. చిలకమ్మ కూడా మూతతో గరిటెతో సహా అంతే నెమ్మదిగా కింద కూర్చుంది. ఓడలోంచి గుడ్ల బుట్ట దించినా అంత సుతారంగా దిగదు.

అప్పలసూరి మళ్ళీ బోర్లా పడుకున్నాడు.

"సిన్న పని పడింది సెల్లీ, ఏటనుకోకు. ఎడం కాలు."

ఆఖరికి తాయారు చెయ్యి ఆయన చేతికి అందింది. పైకి లాగేశాడు. ఆమె కామరాజు మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది, అదీ చప్పుడు లేకుండా. ముగ్గురూ దొంగల్లా తోటలోకి నడిచారు. తేనెపట్టు మీద ఆ అల ఒకసారి మెరిసి సద్దుమణిగింది.

తోటలో చిలకమ్మ తాయారుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, మొగుణ్ణీ కామరాజునీ కలిపి తిట్టడం మొదలెట్టింది. ఆడపిల్లని ఒంటరిగా దిగనిస్తారా, మీకు కళ్ళు లేవా అని. మగాళ్ళిద్దరూ ఇంకో చెట్టు కిందకి జారుకున్నారు.

"బావగారూ, మీకు గుసగుస వచ్చాండీ?" అన్నాడు కామరాజు.

అప్పలసూరి పళ్ళ మధ్య జీడి తీసుకోవడానికి కాసేపు తంటాలు పడ్డాడు.

"నా పనే అది బావా. ఓడ మీద నిలబడి, సరుకెత్తే వించి మిషను తిప్పేవోడికి సేత్తో సైగలు సెయ్యాల. ఆ గోల్లో అరిసినా ఎవుడికీ ఇనబడదు. పొద్దుత్తమానం నోరిప్పను. అక్కడ నన్ను మూగోడంటారు."

"మరి ఇంటి దగ్గర..."

ఆయన ఒకసారి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె వీపు ఇటే ఉంది. అయినా గొంతు ఇంకా తగ్గించాడు.

"మా పెల్లయిన కొత్తలో దానికి పెద్ద జరమొచ్చింది. జరం పోతూ పోతూ సెవులట్టుకుపోయింది. అప్పుడు మేమున్న కాడ జనం అందరితోనూ మెల్లిగా మాటాడి దీని కాడికొచ్చి అరిసేవోల్లు. కొందరు నవ్వేవోల్లు. అది కులాయి కాడికెల్లడం మానీసింది, గడప దాటడం మానీసింది. నాను దానొక్కదానిమీదే అరిత్తే తన సెవుల కోసమేనని మరి దానికి తెలిసిపోద్ది కదా. అందుకని ఈ సందులోకొచ్చిన కాడ్నించీ అందరి మీదా అరుత్తన్నాను. ఇప్పుడు సెవుడు దానికి కాదు, నోరే నాకు పెద్దది. అది నన్ను తిట్టుకుంటాది, నవ్వుకుంటాది. బాగున్నాది కాదేటి?"

కామరాజు పొట్లంలో మిగిలిన జీళ్ళన్నీ ఆయన చేతిలో పోసేశాడు.

"ఏటి కబుర్లక్కడ? అన్నం తినరేటి?" అని చిలకమ్మ ఇటు తిరిగింది.

"వత్తన్నామే!" అని అప్పలసూరి గర్జించాడు. కామరాజు ముందు ఉలిక్కిపడ్డాడు, తర్వాత నవ్వాడు.

కూర్మన్నపాలెం ఇంటాయనకి రావడం లేదని మర్నాడే కబురెళ్ళింది. కామరాజు అసలు సంగతి తాయారుకి చెప్పకుండా ఉంటాడా? తాయారు ఎల్లారావు పెళ్ళానికి చెప్పకుండా ఉంటుందా? నాలుగు రోజుల్లో ఆ సందులో అందరికీ తెలిసింది, తెలియాల్సిన ఒక్క మనిషికి తప్ప.

ఒక పొద్దున్న కామరాజు గడపలో నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచాడు.

"అక్కయ్యగారూ! కుళాయిలో నీళ్ళొచ్చాయండీ!"

"బిందె తెచ్చుకోండి వదినగారూ!" అని తాయారు కుళాయి దగ్గర్నుంచి అరిచింది. కోనసీమ పిల్ల, అరుపులో కూడా గారూ పోలేదు. ఎల్లారావు కొట్లోంచి బెల్లం ధర అరిచాడు. ఎదురింటావిడ మొగుడికి తలకి నూనె పెట్టుకోమని అరిచింది. ఆయన పెట్టుకోనని అరిచాడు.

చిలకమ్మ చంకలో బిందెతో బయటికొచ్చింది. చాన్నాళ్ళకి ఆ గడప దాటి కుళాయి దాకా నడిచింది. నడుం మీద చెయ్యేసుకుని అందరి మొహాలూ వరసగా చూసింది.

"ఏటర్రా ఇది! మా ఆయనొక్కడే అనుకున్నాను. మల్కాపురం మొత్తానికి సెవుడొచ్చీసిందేటి?"

"వచ్చింది!" అని సందు సందంతా ఒక్క గొంతుతో అరిచింది.

చిలకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ బిందె కుళాయి కింద పెట్టింది.